సగమా, మొత్తమా? థైరాయిడ్ ఆపరేషన్‌కి కోడ్ ఎలా పడుతుంది

మా పిన్నికి మెడ కింద గడ్డ లేచి మూడేళ్లు. "నొప్పి నేదు, ఏటీ నేదు" అని కొంగు కప్పుకుని తిరిగింది. అన్నం ముద్ద దిగేటప్పుడు అడ్డం పడుతోందన్నాక గానీ ఇంట్లోంచి కదల్లేదు. పర్లాకిమిడిలో ఉన్న మాకు పెద్ద వైద్యానికి రెండు దార్లు: పైకి బరంపురం, కిందికి విశాఖపట్నం. డాక్టరుతో తెలుగులో మాట్లాడొచ్చని విశాఖ వెళ్లాం. ఆపరేషన్ సాఫీగా అయింది. చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. డిశ్చార్జి సమ్మరీలో 'రైట్ హెమీ థైరాయిడెక్టమీ' అని ఉంది. బిల్లులో 'టోటల్ థైరాయిడెక్టమీ' అని ఉంది. పిన్ని కొడుకు ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లు ఫైలు పక్కన పెట్టి, సగం తీశారో మొత్తం తీశారో తేల్చి చెప్పమన్నారు.

పిన్ని బాధ వేరు. "ఓలమ్మా, మరి సగం ఎందుకు ఉంచీసినారు? డబ్బులు మొత్తానికీ లాగీసినారు కదా!"

ఈ సగం, మొత్తం లెక్క తేల్చడమే నా కూడు. నేను మెడికల్ కోడర్ని. బీఎస్సీ జువాలజీ చదివి, హైదరాబాద్‌లో కోడింగ్ నేర్చుకుని, కోవిడ్ రోజుల్లో కంపెనీ ఇచ్చిన సిస్టమ్ పట్టుకుని ఊరికి వచ్చేశాను. అమెరికాలో ఎవరికో జరిగిన ఆపరేషన్ కాగితాన్ని మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని చదివి, దానికో ఐదంకెల నంబరు వేస్తాను. ఆ నంబరు చూసి అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ సర్జన్‌కి డబ్బులిస్తుంది. ఎండోక్రైన్ సర్జరీ, అంటే హార్మోన్ గ్రంథుల ఆపరేషన్లు, నాకు రోజూ వచ్చే చార్టులు. కోడ్‌ల పుస్తకంలో ఇది చాలా చిన్న అధ్యాయం. కొత్తవాళ్లు "నాలుగు పేజీలే కదా" అనుకుంటారు. ఆడిట్‌లో ఎర్రగీతలు ఎక్కువ పడేది ఆ నాలుగు పేజీల్లోనే.

ఆ పుస్తకం పేరు సీపీటీ. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని 1966లో మొదలుపెట్టింది, ఏటా జనవరి 1 నుంచి కొత్త కూర్పు అమల్లోకి వస్తుంది. అందులో 60000 నుంచి 60699 వరకు ఎండోక్రైన్ వ్యవస్థది. అయితే హార్మోన్ తయారుచేసే గ్రంథులన్నీ అక్కడ ఉంటాయనుకుంటే పొరపాటు. అండాశయం హార్మోన్లు ఇస్తుంది, కానీ దాని కోడ్‌లు 58తో మొదలయ్యే చోట, స్త్రీ జననావయవాల కింద ఉంటాయి. వృషణాలు 54లో. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ నాడీ వ్యవస్థలో. పాంక్రియాస్ సంగతి మరీ తమాషా: ఎండోక్రైన్ అధ్యాయంలో ఒక ఉపశీర్షికలో దాని పేరు ఉంటుంది, కింద ఒక్క కోడూ ఉండదు; అన్నీ 48తో మొదలయ్యే జీర్ణవ్యవస్థలో ఉంటాయి. ఇటు చూస్తే మెడలో పెద్ద రక్తనాళం చీలే చోట ఉండే కెరోటిడ్ బాడీ అనే గింజంత ముద్ద రక్తంలో ఆక్సిజన్ కనిపెడుతుందే గానీ హార్మోన్ గ్రంథి కాదు. అయినా దాని గడ్డ తీసే ఆపరేషన్ 60600, 60605 అని ఇక్కడే ఉంది.

మా ఊరివాళ్లకి ఇదేం వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. ఈ ఊళ్లో పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి ఆ ఏర్పాటు సహించలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఇంట్లో తెలుగు, రేషన్ కార్డు మీద ఒడియా పెట్టుకుని బతుకుతున్నాం. పాతపట్నం పక్కనే ఉన్నా అది వేరే రాష్ట్రం. పుట్టుక ఒకటి, చిరునామా ఒకటి. సీపీటీ చూసేది చిరునామానే.

ఇక థైరాయిడ్. గొంతు ముందు, గాలిగొట్టాన్ని రెండు వైపులా కరుచుకుని రెండు లోబ్‌లు ఉంటాయి, మధ్యలో ఇస్తమస్ అనే సన్నటి వంతెన. సీపీటీ ఈ చిన్న గ్రంథిని ఎంత తీశారన్న దాన్నిబట్టి ముక్కలు చేసింది. ఒక సిస్టో ముడో మాత్రమే తీస్తే, లేదా వంతెన కోసి వదిలేస్తే 60200. ఒక లోబ్‌లో కొంత భాగం తీస్తే 60210. ఒక లోబ్ మొత్తం తీస్తే 60220, వంతెన తీసినా తీయకపోయినా అదే. ఒకవైపు లోబ్ మొత్తం తీసి, రెండో వైపు కొంత ఉంచి తక్కింది తీస్తే 60225. రెండువైపులా మొత్తం తీసేస్తే 60240.

పిన్ని ఫైల్లో ముడి సరిగ్గా ఇక్కడే పడింది. వాడుకలో 'హెమీ' అంటే సగం. గ్రంథిలో సగం పోయింది కాబట్టి పేషెంటుకి అది సగమే. కానీ పోయిన ఆ కుడి లోబ్‌లో ఏమీ మిగల్లేదు, కాబట్టి సర్జన్ భాషలో అది 'టోటల్ లోబెక్టమీ'. 60220లో 'టోటల్' ఒక లోబ్‌కి చెప్పింది, 60240లో 'టోటల్' గ్రంథికి చెప్పింది. సమ్మరీ, బిల్లు రెండూ వదిలేసి ఆపరేషన్ నోట్ జెరాక్స్ తెప్పించి చూశాను: 'రైట్ టోటల్ లోబెక్టమీ విత్ ఇస్తమసెక్టమీ'. బిల్లింగ్ కౌంటర్లో ఎవరో మొదటి రెండు మాటలు చూసి, తర్వాతి మాట తమకి అలవాటైనది కొట్టేశారు. అంతే. ఆస్పత్రి దగ్గర సవరించిన బిల్లు తీసుకోవడానికి మా తమ్ముడు రెండుసార్లు రైలెక్కాడు.

మన దగ్గర ఆస్పత్రులు సీపీటీ వాడవు. ప్యాకేజీ పేరు, ప్యాకేజీ రేటు, అంతే. కానీ జరిగే పొరపాటు రెండు చోట్లా ఒకటే: శీర్షిక చదివి లోపలి నోట్ చదవకపోవడం. నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చిన ఒక చార్టుని పేషెంటు ఆనవాళ్లేవీ లేకుండా నా మాటల్లో చెబుతాను. పైన లావు అక్షరాల్లో 'టోటల్ థైరాయిడెక్టమీ'. 60240 వేసి తర్వాతి చార్టుకి వెళ్లిపోయాను. రోజు టార్గెట్ తరుముతుంటే అలాగే వెళ్తాం. లోపల మూడో పేరాలో సర్జన్ రాసింది ఇది: కుడి లోబ్ పూర్తిగా విడదీశాం. ఎడమవైపు స్వరపేటికకి వెళ్లే నరం గ్రంథికి అతుక్కుని ఉంది. దాన్ని కాపాడటానికి ఎడమ లోబ్ వెనక భాగం అలాగే ఉంచి ముందు భాగం తీశాం. చేద్దామనుకున్నది టోటల్, చేసింది 60225. ఆడిటర్ పంపిన కామెంట్ ఒక్క వాక్యం: "శీర్షికకి కోడ్ వేశావు, ఆపరేషన్‌కి వెయ్యలేదు." ఆ నెల క్వాలిటీ పర్సంటేజీ పడిపోయింది, ఇన్సెంటివ్ పోయింది. కోపం వచ్చిన మాట నిజమే. ఆవిడ చెప్పిన మాట కూడా నిజమే.

ఆ నరం అంత ముఖ్యం ఎందుకంటే, అది తెగితే గొంతు బొంగురుపోతుంది. రెండువైపులా దెబ్బతింటే ఊపిరే కష్టమవుతుంది. దాన్ని వెతికి, చూసి, పక్కకి తప్పించడం థైరాయిడ్ ఆపరేషన్‌లో భాగం. ఆ వెతుకులాటకి సర్జన్ నోట్‌లో అర పేజీ పడుతుంది, చదివిన కొత్త కోడర్‌కి దీనికో కోడ్ ఉండాలనిపిస్తుంది. లేదు. నరం పనితీరు చూసే మానిటర్ సర్జనే స్వయంగా నడిపినా అతనికి వేరే కోడ్ రాదు.

క్యాన్సర్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. సీపీటీలో 60252, 60254 అని రెండు కోడ్‌ల్లో 'మాలిగ్నెన్సీ కోసం' అని రాసి ఉంటుంది. పాథాలజీ రిపోర్టులో పాపిల్లరీ కార్సినోమా అని చూడగానే చేతులు 60252 మీదికి పోతాయి. ఆ కోడ్‌కి క్యాన్సర్ ఒక్కటే చాలదు, మెడలో లింఫ్ గ్రంథులు కూడా తీసి ఉండాలి. పరిమితంగా తీస్తే 60252, మెడ ఒకవైపు విస్తారంగా తవ్వి తీసే రాడికల్ డిసెక్షన్ అయితే 60254. లింఫ్ గ్రంథులు ముట్టుకోకుండా క్యాన్సర్ థైరాయిడ్ మొత్తం తీశారంటే అది మామూలు 60240. క్యాన్సర్ అన్న సంగతి రోగ నిర్ధారణ కోడ్ సీ73 చెబుతుంది. ఏం చేశారన్నది ఒక పుస్తకం, ఎందుకు చేశారన్నది ఇంకో పుస్తకం. రెండోది ఐసీడీ. ఒకదాని పని రెండోదానితో చేయించబోతే క్లెయిము తిరిగొస్తుంది.

'ఎందుకు' అన్న దాంట్లోనూ మెలిక ఉంది. సర్జన్ నోట్‌లో 'క్యాన్సర్ అనుమానం' అని రాస్తారు. సర్జన్ ఫీజు కోడ్ చేసే మాలాంటివాళ్లం అనుమానానికి సీ73 వేయకూడదు. ముడి ఉందంటే ముడి కోడ్, ఈ04.1. కోడ్ చేసే వేళకి పాథాలజీ రిపోర్టు వచ్చి క్యాన్సర్ ఖాయమైతే అప్పుడు సీ73 వేయొచ్చు. అదే పేషెంటు ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి, డిశ్చార్జి రోజుకి కూడా డాక్టర్ 'బహుశా' అనే రాస్తే, ఆస్పత్రి బిల్లుకి కోడ్ చేసేవాళ్లు దాన్ని ఉన్నట్టే లెక్కవేయొచ్చు. మనిషి ఒకడే, మెడ ఒకటే, ఆ రోజు ఒకటే. సర్జన్ బిల్లుకి ఒక నియమం, ఆస్పత్రి బిల్లుకి ఇంకో నియమం. అన్యాయంగా కనిపిస్తుంది, కానీ కారణం లేకపోలేదు. చిన్న అనుమానంతో చూపించుకున్న మనిషి పేరు మీద ఇన్సూరెన్స్ రికార్డులో క్యాన్సర్ అని శాశ్వతంగా పడితే ఆ మచ్చ చెరపడం చాలా కష్టం.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. మార్చి నెల మొదట్లో కుడి లోబ్ మొత్తం తీశారు, 60220. పాథాలజీలో క్యాన్సర్ అని తేలింది. మూడు వారాలకి మళ్లీ కోసి ఎడమ లోబ్ కూడా తీశారు. రెండోసారి ఏ కోడ్? ఎడమ లోబ్ మొత్తం తీశారు కదా, మళ్లీ 60220 అంటారు కొత్తవాళ్లు. ఇప్పుడు థైరాయిడ్ అంతా పోయింది కదా, 60240 అంటారు ఇంకొందరు. రెండూ కాదు. ఇంతకుముందు కొంత తీసిన థైరాయిడ్‌లో మిగిలినదంతా తీయడానికి ప్రత్యేకంగా 60260 ఉంది. ఈ ఆపరేషన్ల తర్వాత 90 రోజులు సర్జన్ చూసే మామూలు సేవలన్నీ మొదటి ఫీజులోనే కలిసిపోతాయి. ఆ గడువులోపు జరిగిన రెండో ఆపరేషన్‌కి కారణం చెప్పకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు 'ఇది పాతదాంట్లో భాగమే' అని కొట్టేస్తారు. అందుకని కోడ్ పక్కన మాడిఫైయర్ 58 పెడతాం: మొదటిదానికి కొనసాగింపుగా, ఇంకా పెద్దగా చేసిన ఆపరేషన్ అని. అలా కాకుండా ఆపరేషన్ రాత్రే మెడలో రక్తం గడ్డకట్టి హడావిడిగా మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తే 58 కాదు, 78. ఒకటి వైద్యంలో తర్వాతి మెట్టు, రెండోది అనుకోని ఆపద. రెండంకెల నంబరు ఆ తేడా చెబుతుంది.

థైరాయిడ్ వెనక నాలుగు పారాథైరాయిడ్‌లు ఉంటాయి. బియ్యం గింజంత, పసుపు గోధుమ రంగు. స్వీడన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న ఈవార్ సాండ్‌స్ట్రోమ్ 1880లో మనుషుల్లో వీటి గురించి రాశాడు. ఒంట్లో కాల్షియం వీటి చేతిలో ఉంటుంది. వీటిలో ఒకటి పెరిగి కాల్షియం ఎక్కువైతే తీసేస్తారు, 60500. ఒక్కటి తీసినా అదే, మూడున్నర తీసినా అదే, నాలుగూ వెతికి ఏదీ తీయకుండా మూసేసినా అదే, ఎందుకంటే ఆ కోడ్ పేరే 'తీయడం లేదా వెతకడం'. మళ్లీ తెరిస్తే 60502, ఛాతీ ఎముక చీల్చి వెతికితే 60505. సర్జన్ మూడు గంటలు వెతికిన నోట్ చదువుతుంటే ఆ ఒక్క నంబరు వేయడానికి మనసొప్పదు గానీ, నియమం అదే.

ఈ అధ్యాయంలో నాకు బాగా నచ్చేది మాత్రం 60512. థైరాయిడ్ తీస్తున్నప్పుడు ఒక పారాథైరాయిడ్‌కి రక్తం అందక నల్లబడుతుంది. సర్జన్ దాన్ని పారేయరు. చల్లటి సెలైన్‌లో వేసి, మిల్లీమీటర్ ముక్కలుగా తరిగి, మెడ పక్క కండరంలో చిన్న సంచిలా చేసి అందులో దాస్తారు. కొత్త రక్తనాళాలు పుట్టి అది మళ్లీ పనిచేయొచ్చు. నారు పీకి ఇంకో మడిలో నాటినట్టు. ఇది సొంతంగా నిలబడే కోడ్ కాదు, అసలు ఆపరేషన్ పక్కన జోడించేది. చాలామంది దీన్ని జారవిడుస్తారు, ఎందుకంటే నోట్‌లో అది ఒకే ఒక్క వాక్యం, చివర్లో కుట్లు వేయడానికి ముందు దాక్కుని ఉంటుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. పాథాలజీ వాళ్లు తీసిన థైరాయిడ్‌లో ఒక పారాథైరాయిడ్ కనిపించిందని రాస్తే, కొందరు సంబరంగా 60500 వేస్తారు. పొరపాటున వెంట వచ్చేసిన గ్రంథి ఆపరేషన్ కాదు కదా.

మిగతావి త్వరగా. గడ్డ ఛాతీ ఎముక వెనక్కి దిగితే, మెడలోంచే లాగి తీస్తే 60271, ఛాతీ తెరిస్తే 60270. నాలుక మొదట్నుంచి మెడలోకి దిగే పాత నాళంలో నీటితిత్తి ఏర్పడితే 60280. నాలుక కింద ఉండే హయాయిడ్ ఎముక మధ్య ముక్క కూడా కోసి తీసినా ఆ కోడ్‌లోనే కలిసిపోతుంది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి పొట్ట కోసి తీస్తే 60540, లాప్రోస్కోపీ అయితే 60650. లాప్రోస్కోపీతో మొదలెట్టి మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే 60540 ఒక్కటే. ముందు చేసిన ప్రయత్నానికి వేరే డబ్బు లేదు. సూదితో ముడిని కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతికి చాలాకాలం సొంత నంబరే లేదు, 'పేరులేనిది' అనే 60699 కింద పంపి, ఏం చేశారో పక్కన ఉత్తరం రాయాల్సి వచ్చేది. 2025లో 60660, 60661 వచ్చాయి. అందాకా అది చేయించుకున్నవాళ్ల క్లెయిములు పడిన తిప్పలు చూసినదాన్ని కాబట్టి, ఆ కొత్త నంబర్లు చూసినప్పుడు నిజంగా సంతోషం వేసింది.

అమెరికాలో ఇన్‌పేషెంటు ఆస్పత్రి బిల్లుకి సీపీటీ పనికిరాదు. అక్కడ ఐసీడీ-10-పీసీఎస్, 2015 అక్టోబర్ 1 నుంచి. పేరులో ఐసీడీ ఉన్నా ఇది చెప్పేది ఎందుకు చేశారో కాదు, ఏం చేశారో. దానిలో పేర్లు లేవు, ఏడు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక అంకె లేదా అక్షరం. థైరాయిడ్ మొత్తం కోసి తీస్తే 0-జీ-టీ-కే-0-జెడ్-జెడ్: సున్నా సర్జరీ, జీ ఎండోక్రైన్, టీ మొత్తం తీయడం, కే థైరాయిడ్ గ్రంథి, సున్నా కోసి చేసిన దారి, చివరి రెండు 'ఏమీ లేదు'. కుడి లోబ్ ఒక్కటే తీస్తే? టీ అలాగే ఉంటుంది, కే బదులు హెచ్ వస్తుంది. కుడి లోబ్‌కి ఇక్కడ సొంత అక్షరం ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా తీయడం 'మొత్తం' కిందకే వస్తుంది. లోబ్‌లో కొంతే తీస్తే టీ పోయి బీ. సీపీటీ లెక్కచేయని పారాథైరాయిడ్‌లకి కూడా ఇక్కడ పై కుడి, పై ఎడమ, కింద కుడి, కింద ఎడమ అని విడివిడి అక్షరాలున్నాయి. పిన్ని ఆపరేషన్ అమెరికాలో జరిగి ఉంటే సర్జన్ బిల్లులో 60220, ఆస్పత్రి బిల్లులో కుడి లోబ్‌కి 0-జీ-టీ-హెచ్-0-జెడ్-జెడ్, వంతెనకి హెచ్ బదులు జే ఉన్న ఇంకో కోడ్ ఉండేవి. రెండింట్లోనూ 'సగం' అన్న మాటే లేదు.

'ఎందుకు' చెప్పే మొదటి ఐసీడీలో ఇంకో వరస ఉంది, ఈ01: అయోడిన్ లోపం వల్ల వచ్చే గడ్డలు. ఒడియాలో గళగండ అంటారు దాన్ని, మన పాత వైద్య గ్రంథాల్లో గలగండం. మన దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలైంది, 1992లో పేరు మార్చుకుని అయోడిన్ లోప వ్యాధులన్నిటికీ విస్తరించింది. అమెరికాలో మిషిగన్‌లో 1924 నుంచే అయోడిన్ ఉప్పు దుకాణాల్లోకి వచ్చింది. నా అమెరికా చార్టుల్లో ఈ01 వేసిన గుర్తు నాకు లేదు, వచ్చినవన్నీ ఈ04లే. కొండమీద గుమ్మా, సెరంగో సంతల నుంచి వచ్చే ముసలమ్మల మెడలు చూసినప్పుడు మాత్రం ఆ నంబరు గుర్తొస్తుంది.

పిన్నికి పాథాలజీలో క్యాన్సర్ లేదని వచ్చింది. మిగిలిన ఎడమ లోబ్ కొన్నాళ్లు లాక్కొచ్చి, టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయమని తరిమే హార్మోన్, పెరిగింది. ఇప్పుడు పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్ర. ఐసీడీలో దానికీ నంబరుంది, ఈ89.0, ఆపరేషన్ తర్వాత థైరాయిడ్ తగ్గడం. ఇన్సూరెన్స్ డబ్బు సవరించిన బిల్లు మీద వచ్చింది. ఈసారి చెకప్‌కి బరంపురం వెళ్దామంటోంది. అక్కడ డాక్టర్ ఒడియాలో అడుగుతారు, సమ్మరీ ఇంగ్లీషులో ఉంది, పిన్నికి తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోంచి ఆ సమ్మరీ తీసి, వెనక నీలం పెన్నుతో మూడు భాషల్లోనూ రాసిచ్చాను: కుడి లోబ్, వంతెన పూర్తిగా తీశారు. ఎడమ లోబ్ ఉంది. క్యాన్సర్ లేదు.

తెలుగులో రాసింది కూడబలుక్కుని చదివి, "ఎడం పక్కది ఉందన్నమాట" అంది. మెడ మీద ఎడమవైపు చెయ్యి పెట్టి చూసుకుంది.